యంత్రాల నడుమ దుబాసీ

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినప్పుడు, ప్రబంధ యుగం నుంచో శతక సాహిత్యం నుంచో ఒక విషయం ఎత్తుకొని నాలుగు పుటలు నింపుదామని మేము అనుకొన్నమాట నిజం. తెలుగు అధ్యాపకునికి అది అలవాటైన దారి. కాని సంచిక అచ్చుకు సిద్ధమవుతున్న రోజులలోనే మన కళాశాలలో ఒక చిన్న సంఘటన జరిగింది. అందులో మా తప్పు కొంత ఉన్నది. కొంత అనడం కూడా న్యాయం కాదు. ముఖ్యమైన తప్పంతా మాదే. దానిని దాటవేసి మరొక విషయం వ్రాయడానికి మనసొప్పలేదు. సంగతి కంప్యూటర్లకు సంబంధించినది. తెలుగు మాష్టారికి కంప్యూటర్లతో ఏమి పని అని విద్యార్థులు నవ్వుకోవచ్చు. నవ్వుకొన్న తరువాతనైనా చివరివరకు చదవవలసిందని కోరుతున్నాము.

మన సంచిక ఒక ముచ్చటైన పుస్తకం. ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, మరొక వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. రెండూ నడుమ ఎక్కడో కలుసుకొంటాయి. అవి పాఠకుని చేతిలో కలవడానికి ముందు కంప్యూటర్లలో కలవాలి. ఉర్దూ పుటలు మొదటి అంతస్తులోని ఉర్దూ శాఖలో ఇన్‌పేజి మీద నస్తాలీఖ్ లిపిలో కూర్చబడతాయి. తెలుగు పుటలు రెండవ అంతస్తులో మా శాఖలో తయారవుతాయి. విద్యార్థులు తమ రచనలను మూడవ అంతస్తులోని ప్రయోగశాలలో టైపు చేస్తారు. ఈ మూడు చోట్ల ఉన్నవి మూడు రకాల యంత్రాలు. ఉర్దూ శాఖకు కొత్తగా వచ్చినది విండోస్ 11. మా శాఖలోనిది పాతబడిన విండోస్ 10. ప్రయోగశాలలోనిది లైసెన్సు రుసుము లేదన్న కారణాన ఏనాడో పెట్టుకొన్న లినక్స్. రచనలన్నీ ఆ లినక్స్ యంత్రంలోని ఒకే ఫోల్డరులో చేరాలని, అక్కడి నుంచి ఎవరికి కావలసినవి వారు తీసుకోవాలని ఏర్పాటు. ఆ ప్రయోగశాలను కనిపెట్టుకొని ఉండే పెద్దాయనను విద్యార్థులు చాచా అంటారు. మేమూ అలాగే పిలుస్తాము. ఆయనది తాత్కాలిక ఉద్యోగం. ఏటేటా కమిటీవారు పొడిగించవలసినది. ఉర్దూ చక్కగా చదువుతారు. తెలుగు మాట్లాడతారే గాని అక్షరాలు రావు.

మొదటి చిక్కు ఉర్దూ శాఖలో వచ్చింది. పాత కంప్యూటరు నుంచి నిక్షేపంలా తెరుచుకొన్న ఫోల్డరు కొత్తదాని నుంచి తెరుచుకోనన్నది. పైగా తెరమీద ఒక సందేశం. మీ సంస్థ భద్రతా విధానాలు గుర్తింపు లేని అతిథులను అడ్డుకొంటున్నందున ఈ ఫోల్డరులోనికి మీకు ప్రవేశం లేదని దాని సారాంశం. ఉర్దూ శాఖలోని మా పెద్ద సహోద్యోగి ఆ సందేశాన్ని కాగితం మీద అచ్చు తీయించి, మెట్లెక్కి మా గదికి తెచ్చారు.

“సంస్థ అంటే ఎవరు జనాబ్? మన కమిటీయేనా? ఉర్దూవారికి తలుపు వేయాలని ఎప్పుడు తీర్మానించారు?”

ఆయన సగం వేళాకోళంగానే అన్నారు. తక్కిన సగం వేళాకోళం కాదు. పుటల పంపకం దగ్గర ప్రతి సంవత్సరం ఇరుపక్షాలవారికీ ఎంతో కొంత మనస్తాపం మిగలడం కద్దు. మా శాఖ కంప్యూటరు నుంచి అదే ఫోల్డరు తెరుచుకొంటూ ఉన్నది. అది ఆయన కళ్లారా చూశారు. మేమేమి చెప్పగలము?

రెండవ చిక్కు మా గదిలోనే వచ్చింది. ఫోల్డరులో రెండు వింత పేర్లు కనిపించాయి. మొదట ఒక అడుగు గీత, తరువాత అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, నడుమ నీటి అల వంటి ఒక వంకర గీత. అది వైరసు కాబోలునని తెరిచి చూడడానికి కూడా భయపడ్డాము. వెంటనే ప్రయోగశాలకు ఫోను చేసి, అలగీత పేర్లతో ఉన్న ఫైళ్లను తీసివేయవలసిందిగా చాచాకు చెప్పాము. కొంతసేపటికి ఆయన జవాబిచ్చారు.

“ఐసా నామ్ కా కుచ్ నై హై సాబ్ యహాఁ.”

మా తెరమీద రెండు పేర్లూ స్పష్టంగా కనబడుతున్నాయి. ఆయనేమో అలాంటివేవీ అక్కడ లేవంటారు. మూడుసార్లు చెప్పాము. మూడుసార్లూ అదే జవాబు. పని తప్పించుకొంటున్నారని మాకు కోపం వచ్చింది.

ఆ మరునాడే బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకామె వచ్చి, తన వ్యాసం ఏ పుటలో వస్తున్నదని అడిగింది. ‘మా నానమ్మ: నాలుగు జ్ఞాపకాలు’ అని దాని పేరు. ఫోల్డరంతా వెదికాము. ఆ పేరు లేదు. ప్రయోగశాలలో తానే స్వయంగా టైపు చేసి పెట్టానని ఆమె అన్నది. కాగితం మీద వ్రాసుకొన్న ప్రతి లేదు. “మళ్లీ వ్రాస్తాను సార్. కాని మొదటిసారి వచ్చినట్లు రాదు” అని తలవంచుకొన్నది.

మేము వెంటనే ఒక నిర్ణయానికి వచ్చాము. తీయవలసినవి తీయకుండా, తీయకూడనిదానిని చాచా తీసివేశారు! ఆ మధ్యాహ్నం సిబ్బంది గదిలో, కమిటీ సభ్యులొకరు కూడా ఉండగా, ప్రయోగశాలలో శ్రద్ధ కొరవడినదని, పిల్లల శ్రమ బూడిదపాలవుతున్నదని కాస్త గట్టిగానే అన్నాము. తాత్కాలిక ఉద్యోగి విషయంలో అటువంటి మాట ఎంత దూరం పోగలదో మాకు తెలియనిది కాదు. అయినా అన్నాము.

శనివారంనాడు హైటెక్ సిటీకి బయలుదేరాము. కొన్ని సంవత్సరాల క్రితం మా వద్ద రెండవ భాషగా తెలుగు చదువుకొన్న ఒక అమ్మాయి ఇప్పుడు మాదాపూరులోని ఒక కార్యాలయంలో కంప్యూటర్ల నిర్వహణ చూస్తున్నది. ఫోనులో సంగతి చెబితే రమ్మన్నది. మహాత్మాగాంధీ బస్‌స్టేషను దగ్గర మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీ స్టేషనులో దిగాము.

ఆ పేరులోని హైటెక్ కూడా ఒక సంక్షిప్తనామమే: హైదరాబాద్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ అండ్ ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ. 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అక్కడి సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు మేము ప్రాథమిక పాఠశాలలో ఉన్నాము. ఆ 1998వ సంవత్సరమే విచిత్రమైనది. మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం స్థాపించబడినది ఆ ఏడే. ఐ.ఐ.ఐ.టి. ఆరంభమైనదీ ఆ ఏడే. మైక్రోసాఫ్ట్ సంస్థ హైదరాబాదులో తన అభివృద్ధి కేంద్రాన్ని తెరిచినదీ ఆ ఏడే. ఈనాడు ఈ మూడూ గచ్చిబౌలి పరిసరాలలో ఇరుగుపొరుగులు. ఉర్దూ ఒక లోకం, కంప్యూటరు మరొక లోకం అనుకొనేవారు ఆ దారిన ఒకసారి నడిచి రావలసి ఉన్నది.

ఆ అమ్మాయి మమ్మల్ని రోడ్డు పక్క చాయ్ దుకాణానికి తీసుకొని వెళ్లింది. చెప్పినదంతా విన్నది. మొదట అడిగిన ప్రశ్న ఇది.

“సార్, మీరు మూడో అంతస్తు ఎక్కి, ఆ లినక్స్ కంప్యూటరు ముందు కూర్చొని ఆ ఫోల్డరు చూశారా?”

చూడలేదని చెప్పవలసి వచ్చింది. ఒక్క అంతస్తు ఎక్కడానికి బద్ధకించి మెట్రోలో మాదాపూరు దాకా వచ్చామన్నమాట! ఆమె నవ్వలేదు. మా ఆఫీసులోనూ ఎవరూ అవతలి వైపు వెళ్లి చూడరు సార్ అన్నది. తరువాత కాగితం తీసుకొని, పరీక్ష చేయవలసిన క్రమాన్ని క్రింద నుంచి పైకి మెట్లుగా వ్రాసి ఇచ్చింది. వైద్యుడు నాడి చూడకుండా మందు వ్రాయడు గదా! యంత్రాల విషయమూ అంతేనని చెప్పింది.

మొదటి మెట్టు, అవతలి యంత్రం పలుకుతున్నదా? పింగ్ అనే ఆజ్ఞతో దాని అంకెల చిరునామాను పిలవాలి. తరువాత పేరుతో పిలవాలి. అంకెకు పలికి పేరుకు పలకకపోతే తప్పు యంత్రానిది కాదు, పేరును చిరునామాగా మార్చే ఏర్పాటుది. నెట్‌వర్క్ జాబితాలో ఒక యంత్రం కనిపించనంత మాత్రాన అది లేదనుకోరాదు. చిరునామా నేరుగా వ్రాస్తే తెరుచుకోవచ్చు. రెండవ మెట్టు, తలుపు తీసి ఉన్నదా? ఫైళ్ల పంపిణీ జరిగే తలుపు సంఖ్య 445. ఫైర్‌వాల్ దానిని మూసి ఉంచితే ఎంత పిలిచినా ప్రయోజనం లేదు. మూడవ మెట్టు, ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతున్నారా?

ఈ మూడవ మెట్టు దగ్గర ఆమె కొంత చరిత్ర చెప్పింది. విండోస్ యంత్రాలు ఫైళ్లు పంచుకొనే భాషను ఎస్.ఎం.బి. అంటారు. 1980లలో ఐ.బి.ఎం. సంస్థలో పుట్టి, మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. యూనిక్స్ జాతి యంత్రాలకు సన్ మైక్రోసిస్టమ్స్ 1984లో తెచ్చిన ఎన్.ఎఫ్.ఎస్. అనే వేరొక భాష ఉన్నది. ఈ రెండు జాతులకూ మాటలు కలిపినవాడు ఆండ్రూ ట్రిడ్జెల్. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రోజులలో ఆయన ఆ పని మొదలుపెట్టాడు. చేతిలో వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు. రెండు యంత్రాలు మాట్లాడుకొంటూ ఉంటే తీగలో పోయే సందేశాలను గమనించి, ఏ ప్రశ్నకు ఏ జవాబు వస్తున్నదో చూసి ఆ భాష పట్టుకొన్నాడు. ఆ పద్ధతిని ఆయనే ఫ్రెంచి కాఫీ హోటలుతో పోల్చి చెప్పాడు. మనకు ఇరానీ హోటలు ఉన్నది గదా! ఊరికి కొత్తవాడు ఒక మూల బల్ల దగ్గర కూర్చొని, పక్కవాడు ‘పౌనా’ అంటే ఏ రంగు చాయ్ వస్తున్నదో చూస్తే, రెండు పూటలలో తానూ తెచ్చుకోగలడు. ఆ విధంగా పుట్టిన కార్యక్రమానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు, ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాటలను కంప్యూటరులోని పదాల పట్టికలో వెదికితే సాంబా అనే మాట దొరికింది. మన ప్రయోగశాలలోని లినక్స్ యంత్రం విండోస్ యంత్రాలతో మాట్లాడేది ఈ సాంబా ద్వారానే.

ఆ తరువాత న్యాయస్థానాల కథ కూడా నడిచింది. ఇతరుల యంత్రాలు తమ యంత్రాలతో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారాన్ని మైక్రోసాఫ్ట్ ఇవ్వాలని యూరోపియన్ కమిషన్ 2004లో నిర్ణయించింది. 2007 సెప్టెంబరులో అక్కడి న్యాయస్థానం దానిని సమర్థించింది. ఆ డిసెంబరులో సాంబా బృందానికి ఆ పత్రాలు అందే ఒప్పందం కుదిరింది. చాటుగా విని నేర్చుకొన్న భాషకు పదహారు సంవత్సరాల తరువాత వ్యాకరణం చేతికి వచ్చిందన్నమాట.

“ఈ భాషలోనూ తరాలున్నాయి సార్” అన్నది ఆమె. మొదటి తరం భాష భద్రత లేనిది. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్టకార్యక్రమం లోకమంతటా వ్యాపించినది దానిలోని లోపం ద్వారానే. ఆ ఏడాది చివర వచ్చిన విండోస్ 10 రూపం నుంచి దానిని ముందుగా అమర్చి ఇవ్వడం మానుకొన్నారు. 2019లో సాంబా కూడా దానిని మూసి ఉంచడం మొదలుపెట్టింది. ఫోల్డరు తెరుచుకోకపోతే ఆ పాత భాషను మళ్లీ తెరవమని సలహా ఇచ్చేవారు నేటికీ ఉన్నారు. ఆ పని ఎన్నడూ చేయరాదని ఆమె గట్టిగా చెప్పింది.

నాలుగవ మెట్టు, నీవెవరు? ఐదవ మెట్టు, నీకు అనుమతి ఉన్నదా? అనుమతి విషయంలో రెండు గడపలు ఉంటాయి. పంపిణీ చేసే సాంబా గడప ఒకటి, లోపల ఫైళ్లకు లినక్స్ విధించిన గడప మరొకటి. రెండూ దాటితేనే ప్రవేశం. ఒకటి తెరిచి రెండవది మరచి, తెరిచాము గదా అని వాదించేవారే ఎక్కువ. విసుగెత్తి అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చివేసేవారూ ఉన్నారు. తాళం పోయిందని తలుపు ఊడబెరకడం వంటిది అది. మేము కూడా అదే చేయబోయామని ఆమెకు చెప్పలేదు.

చివరి మెట్టు పేరు. ఇక్కడ ఆమె తన కంప్యూటరు తెరిచి ఒక వింత చూపించింది. ఒకే ఫోల్డరులో ‘హైదరాబాదు’ అనే పేరుతో రెండు ఫైళ్లు ఉన్నాయి. చూపునకు రవ్వంత తేడా లేదు. కారణం ‘హై’లోని ఐత్వం. యూనికోడులో దానిని ఒకే సంకేతంగా వ్రాయవచ్చు. ఎత్వం, దాని క్రింది గుర్తు అని రెండు సంకేతాలుగా విడదీసీ వ్రాయవచ్చు. మాక్ యంత్రాల పాత ఫైలు పద్ధతి పేర్లను విడదీసి ఉంచుతుంది. లినక్స్‌కు విడిగా ఉన్నది వేరు, కలిపి ఉన్నది వేరు. ఉర్దూలో అలిఫ్ మద్ద విషయమూ ఇంతే. ఆజాద్ అనే పేరులోని మొదటి అక్షరం ఒకచోట ఒక సంకేతం, మరొకచోట రెండు. సంధి చేసి వ్రాసినా విడదీసి వ్రాసినా అర్థం ఒకటేనని తరగతిలో మేము చెప్పే మాట యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి.

తిరుగు ప్రయాణంలో మెట్రో కిటికీ పక్కన కూర్చొని ఆ కాగితాన్ని మళ్లీ మళ్లీ చదివాము. మా వంటివారికి ఇది బొత్తిగా కొత్త సంగతేమీ కాదనిపించింది. గోలకొండ పాలకుల కాలంలో ఒకే ఫర్మానా పారసీలోనూ తెలుగులోనూ వ్రాయబడిన సందర్భాలు ఉన్నాయి. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవుల నోట మల్కిభరాముడైనాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీసంవరణోపాఖ్యానము’ను ఆయనకు అంకితమిచ్చాడు. పొన్నికంటి తెలగన అచ్చతెలుగులో ‘యయాతిచరిత్రము’ వ్రాసి అమీన్‌ఖానునకు అంకితం చేశాడు. సుల్తాను తన పారసీని వదలలేదు, కవి తన తెలుగును వదలలేదు. వారి నడుమ రెండు భాషలూ ఎరిగినవారు కొందరు ఉన్నారు. వారికే మనవారు దుబాసీ అని పేరు పెట్టారు. దుబాసీ ఉన్నచోట ఎవరూ తమ భాష మార్చుకోనక్కరలేదు. ఒక్కటే షరతు. అవతలివాడు అన్నమాట మనకు అర్థం కానప్పుడు, అది అబద్ధమని తీర్పు చెప్పే ముందు దుబాసీని అడగాలి.

సోమవారం ఉదయం ఆ కాగితం పట్టుకొని మూడవ అంతస్తు ఎక్కాము. చాచా లేచి సలాము చేశారు. ఆయన పక్కనే కుర్చీ వేసుకొని కూర్చొని, ఫోల్డరు తెరవమన్నాము. తెరిచారు. అలగీత పేర్లు లేవు. ఆయన చెప్పినది అక్షరాలా నిజం. వాటి స్థానంలో, ఒకదాని క్రింద ఒకటిగా, చక్కని తెలుగు అక్షరాలలో రెండు పేర్లు ఉన్నాయి. ‘మా నానమ్మ: నాలుగు జ్ఞాపకాలు’ ఒకటి. ‘మనమెటు?’ అనేది రెండవది. రెండవది ఒక విద్యార్థి కవిత. గడువులోగా ఇవ్వలేదని మేము పక్కన పెట్టినది.

కారణం చాలా చిన్నది. లినక్స్ ఫైలు పేరులో అడ్డగీత ఒకటి తప్ప దాదాపు ఏ గుర్తునైనా అనుమతిస్తుంది. విండోస్‌లో నిలువు చుక్కల జంట, ప్రశ్నార్థకం, నక్షత్రం, ఉల్లేఖన చిహ్నం వంటివి నిషిద్ధం. నిషిద్ధమైన గుర్తుగల పేరును విండోస్‌కు చూపవలసి వచ్చినప్పుడు సాంబా ఏమి చేస్తుంది? ఫైలును దాచివేయక, దానికి ఒక పొట్టి మారుపేరు తగిలించి చూపిస్తుంది. ఆ మారుపేరే మేము చూసిన అలగీత. ఒకే ఫైలు, రెండవ అంతస్తులో ఒక పేరు, మూడవ అంతస్తులో ఒక పేరు. మేము తీసివేయమని మూడుసార్లు ఆజ్ఞాపించినది, ఆ అమ్మాయి వ్యాసాన్నే! తీయనందుకు నిందించినది చాచాను. ఆయనకు తెలుగు అక్షరాలు రావు గనుక ఆ పేర్లు ఏమిటో ఆయనకు తెలియదు. మాకు సాంబా రీతి రాదు గనుక ఆ అలగీతలు ఏమిటో మాకు తెలియదు. ఇద్దరమూ చూస్తున్నది ఒకే వస్తువునని ఇద్దరికీ తెలియలేదు.

ఒక సందేహం మాత్రం మిగిలింది. ఏదో ఒకటి తీసివేసి మా కోపం చల్లార్చవచ్చు గదా, ఎందుకు తీయలేదని అడిగాము.

“నామ్ నై సమఝే తో ఫేంక్ దేతే క్యా సాబ్?” అన్నారు చాచా. పేరు అర్థం కానంత మాత్రాన పారవేస్తామా అని.

పేరు అర్థం కానిదానిని పారవేయమని ఆజ్ఞాపించినది ఎం.ఏ. పట్టా పుచ్చుకొన్న మేము.

తక్కిన చిక్కు విప్పడానికి ఆ పూటంతా పట్టింది. కాగితంలోని మెట్లు ఒక్కొక్కటే ఎక్కాము. ఉర్దూ శాఖ నుంచి పిలిస్తే లినక్స్ యంత్రం పలికింది. 445 తలుపు తెరిచే ఉన్నది. ఆగిపోయినది నాలుగవ మెట్టు దగ్గర, నీవెవరు అన్న ప్రశ్న దగ్గర. మన ఫోల్డరు మొదటి నుంచీ అతిథి పద్ధతి మీద నడుస్తున్నది. ఎవరు వచ్చినా పేరు అడగదు, పాస్‌వర్డు అడగదు. 2024లో వచ్చిన విండోస్ 11 రూపం, అంటే 24హెచ్2, అటువంటి పేరులేని పంపిణీని తనంత తానుగా నిరాకరిస్తుంది. వచ్చే పోయే ప్రతి సందేశం మీద సంతకం ఉండాలని అది కోరుతుంది. సంతకపు తాళంచెవి పాస్‌వర్డు నుంచి పుడుతుంది. పాస్‌వర్డే లేని అతిథికి తాళంచెవి ఎక్కడిది? తెరమీద కనిపించిన ‘మీ సంస్థ’ మన కమిటీ కాదు. ఆ యంత్రంలో పుట్టుకతో ఉన్న కట్టుబాటు. మా శాఖలోని విండోస్ 10, 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసిపోయిన పాత యంత్రం గనుక, ఆ ప్రశ్నలేవీ వేయకుండా లోపలికి పోతూ ఉన్నది. తలుపు వేసినది ఉర్దూవారికి కాదు. జాగ్రత్త గలది ఉర్దూ శాఖ యంత్రం. పేరులేకుండా తిరుగుతున్నది తెలుగువారి యంత్రం! ఈ సంగతి మా సహోద్యోగికి చెప్పినప్పుడు ఆయన చాలాసేపు నవ్వారు. ఆ నవ్వుకు మేము అర్హులమే.

కొత్త యంత్రపు కట్టుబాటును సడలించే మార్గం ఉన్నది. మేము దానిని ముట్టుకోలేదు. ఉర్దూ శాఖకు ఒక పేరు, తెలుగు శాఖకు ఒక పేరు, ప్రయోగశాలకు ఒక పేరు లినక్స్‌లో ఏర్పరచాము. సాంబా తన పాస్‌వర్డుల పట్టికను వేరుగా ఉంచుకొంటుంది గనుక అక్కడ కూడా మూడింటినీ నమోదు చేశాము. మూడు పేర్లనూ ఒకే బృందంగా చేర్చి, ఫోల్డరును ఆ బృందానికి అప్పగించాము. ఫోల్డరులో ఎవరు కొత్త ఫైలు పెట్టినా అది బృందానికే చెందేటట్లు ఏర్పాటు చేశాము. టెస్ట్‌పార్మ్ అనే ఆజ్ఞతో సాంబా అమరికలో తప్పులు లేవని సరిచూసుకొన్నాము. ఆ సాయంకాలం ఉర్దూ సంపాదకీయం మొదటి అంతస్తు నుంచి వచ్చి ఫోల్డరులో చేరింది. చాచా ప్రయోగశాలలో దానిని పైకి చదివి వినిపించారు.

ఫైళ్ల పేర్లకు ఒక నియమం కూడా పెట్టుకొన్నాము. విద్యార్థులు దయచేసి గుర్తుంచుకోవాలి. ఫైలు పేరులో అక్షరాలు, అంకెలు, అడుగు గీత తప్ప మరే గుర్తూ వాడవద్దు. ప్రశ్నార్థకాలు, చుక్కల జంటలు వ్యాసం లోపల ఎన్నయినా పెట్టుకోవచ్చు. ఆంగ్లంలో పేరు వ్రాసేవారు అన్నీ చిన్న అక్షరాలే వ్రాయాలి. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు. మన రెండు లిపులలోనూ పెద్ద చిన్న అక్షరాల భేదం లేదు. ఆ ఒక్క బాధ మనకు తప్పింది.

‘మా నానమ్మ: నాలుగు జ్ఞాపకాలు’, ‘మనమెటు?’ ఈ సంచికలోనే ఉన్నవి. వాటి పేర్లలోని గుర్తులను అచ్చులో యథాతథంగా ఉంచాము. ఈ వ్యాసం ముగించి వెంటనే వాటిని చదవవలసిందని కోరిక. ఇంతకంటె బాగున్నవి.

ఇక మిగిలినది ఒక్కటే. సిబ్బంది గదిలో మేము అన్నమాటను ఆ సాయంకాలమే కమిటీవారికి లిఖితపూర్వకంగా ఉపసంహరించుకొన్నాము. చాచాను క్షమాపణ కోరాము. “జానే దీజియే సాబ్” అని ఆయన చాయ్ తెప్పించారు. కాని నోటి మాట ఒక గది నుంచి మరొక గదికి పోయేటప్పుడు, ఆ అలగీతల వలెనే, రూపం మార్చుకొంటూ పోతుంది. మా నింద ఎవరి చెవిలో ఏ పేరుతో మిగిలి ఉన్నదో మాకు తెలియదు. అందుచేత ఈ ఉపసంహరణ అచ్చులో ఉండాలని, కమిటీవారూ విద్యార్థులూ అందరూ చదవాలని ఈ వ్యాసం వ్రాశాము. ప్రయోగశాలలో ఏ ఫైలూ పోలేదు. శ్రద్ధ కొరవడినది రెండవ అంతస్తులో.